ఒంటిగోడ ఎరుపు

ఈమధ్య గృహప్రవేశాలకు వెళ్ళినప్పుడల్లా ఒక దృశ్యం తప్పకుండా ఎదురవుతోంది. హాలులో మూడు గోడలు మీగడ రంగులో ఉంటాయి. నాలుగవ గోడ, అంటే టీవీ తగిలించిన గోడ, ముదురెరుపు రంగులో ఉంటుంది. ఇంటాయన దానివైపు చెయ్యి చూపి, “ధైర్యం చేసి వేయించేశామండీ” అంటారు. ధైర్యం మూడు గోడల మేర తక్కువయిందని నాకు నాలుక చివరిదాకా వస్తుంది. కొత్త ఇంట భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని అలాంటి మాట అనడం మర్యాద కాదు. కాబట్టి ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

నా వాదం క్లుప్తంగా ఇది. ముదురెరుపు గోడకు వేసే రంగు కాదు, గదికి వేసే రంగు. వేస్తే నాలుగు గోడలకూ వెయ్యాలి. అంత ఇష్టం లేకపోతే హాయిగా మానుకోవాలి. ఒక్క గోడకు వేసి ఊరుకుంటే ఆ ఎరుపూ చెడుతుంది, ప్రక్కనున్న తెలుపూ చెడుతుంది.

ఏ ఎరుపును గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్పాలి. రంగుల దుకాణంలో ఇచ్చే కార్డులో దీనికి ఒక నంబరూ, నోరు తిరగని ఒక ఇంగ్లీషు పేరూ ఉంటాయి. మన చీరల దుకాణాలలో మాత్రం ఈ కుటుంబానికి చక్కని పేర్లు ఇంకా బ్రతికి ఉన్నాయి. మిరపపండు రంగు అనండి, అరటిపువ్వు రంగు అనండి, గుమాస్తా తడుముకోకుండా సరైన కట్ట దించుతాడు. నిఘంటువులలో కిరమంజి అనే మాట కూడా ఉంది. అది పురుగు నుంచి తీసే ఎరుపు. ఇంగ్లీషువారి ‘క్రిమ్సన్’కూ దీనికీ మూలం ఒకటే. జేగురు, కావి, జాజు అనేవి మట్టి ఎరుపులు. నేను చెప్పే ఎరుపు వీటన్నిటి ముదురు కొసన ఉంటుంది. కుంకుమ కాదు, ఎర్రచందనపు చేవ. కొత్తావకాయ ఎరుపు కాదు. ఏడాది నిండి, జాడీ అడుగున నూనెలో మ్రగ్గి, నలుపువైపు మొగ్గిన ఆవకాయ ఎరుపు.

ఒంటిగోడ ఎందుకు చెడుతుందో తెలుసుకోవడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. తెల్లగోడ తనమీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ళకు పైగా తిప్పి పంపుతుంది. ఈ ముదురెరుపు పది పాళ్ళు తిప్పి పంపితే గొప్ప. రెండూ ప్రక్కప్రక్కన ఉన్నంతసేపూ కంటికి తీరిక ఉండదు. తెలుపుకు అలవాటుపడిన కంటికి ఎరుపు నల్లని గొయ్యిలా తోస్తుంది. ఎరుపును కాసేపు చూచి చూపు తిప్పుకుంటే తెల్లగోడ మీద పచ్చనిదో నీలమో తెలియని ఒక నీడ తేలుతుంది. పగటిపూట ఎర్రగోడ మీద ఎండ పడిందంటే ఆ ఎరుపు ఎదుటి గోడమీదికి ప్రాకి, డబ్బులు పోసి వేయించిన మీగడ రంగు కాస్తా జలుబు చేసిన ముక్కు రంగులోకి దిగిపోతుంది.

నాలుగు గోడలూ ఒకే ఎరుపయితే పోల్చుకోవడానికి ప్రక్కన తెలుపు ఉండదు. కన్ను కొద్దిసేపటిలోనే సర్దుకుంటుంది. మూలలు మెత్తబడి ఏ గోడ ఎక్కడ ముగిసిందో పట్టించుకోవడం మానేస్తాము. అప్పుడు కనబడేవి గోడలు కావు. బల్లమీది ఇత్తడి చెంబు, కంచంలోని అన్నం, ఎదుట కూర్చున్న మనిషి ముఖం. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1911లో వేసిన ‘ఎర్ర స్టూడియో’ న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయంలో ఉంది. ఆయన పనిచేసిన గది గోడలు నిజానికి తెల్లనివి. బొమ్మలో కూడా మొదట గోడలకూ నేలకూ వేరువేరు రంగులు వేసి, తరువాత అన్నిటినీ ఒకే ఎరుపుతో కప్పివేశాడని దానిని పరీక్షించినవారు తేల్చారు. బల్ల, కుర్చీ, గడియారం వట్టి గీతలుగా మిగిలాయి. గదిలో ఉన్న ఆయన బొమ్మలు మాత్రం తమ రంగులతో వెలుగుతున్నాయి. ఆయన ఒక్క గోడ దగ్గర ఆగిపోయి ఉంటే ఆ బొమ్మ ఎలా ఉండేదో ఊహించుకోండి.

చిన్న గదికి లేతరంగు వేస్తే పెద్దదిగా కనబడుతుందన్న సూత్రం మేస్త్రీ మొదలుకొని మేనమామ దాకా అందరి నోటా వినబడుతుంది. కిటికీలు బాగా ఉన్న గదులకు అది నిజమే. కానీ తెలుపు తనంతట తాను వెలుగు పుట్టించలేదు, వచ్చిన వెలుగును తిప్పి పంపగలదు, అంతే. వెలుతురు రాని గదికి తెల్లరంగు వేస్తే గది తెల్లబడదు, తెలుపే బూడిదరంగవుతుంది. మా భోజనాల గది పదడుగులకు పదకొండడుగులు. ఒకటే కిటికీ, అదీ ప్రక్క అపార్టుమెంటు గోడను చూస్తూ ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా దీపం వెయ్యాలి. ఏళ్ళ తరబడి దానికి తెలుపే వేయించాము. ఏనాడూ అది ఆసుపత్రి నడవాను దాటి పైకి రాలేదు. ఇలాంటి గదికి తగిన మందు ముదురు రంగు. చీకటి ఎలాగూ తప్పనప్పుడు ఆ చీకటికి ఒక రంగూ రుచీ ఇవ్వడం మేలు.

రోమనులకు ఈ సంగతి బాగా తెలుసు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చివేసిన పొంపెయి నగరంలో ఎర్రగోడల గదులు కొల్లలు. ఊరి వెలుపల ‘రహస్యాల భవనం’ అని పిలిచే ఇంటిలోని గది వీటిలో ప్రసిద్ధమైనది. అది 1909లో త్రవ్వకాలలో బయటపడింది. చుట్టూ ముదురెరుపు నేపథ్యం, దానిమీద దాదాపు నిలువెత్తు మనుషులు. బొమ్మ ఒక గోడమీద మొదలై గది చుట్టూ తిరుగుతుంది. ఎరుపు ఒకే గోడమీద ఉండి ఉంటే ఆ మనుషులంతా ఒకే గదిలో ఉన్నట్లు తోచేది కాదు. అన్నట్లు, పొంపెయిలో మనకు కనబడే ఎరుపంతా రోమనులు వేసినదే కాదు. పసుపుపచ్చని మట్టిరంగును కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. అగ్నిపర్వతపు వేడి వాయువులు తగిలి అక్కడి పచ్చగోడలు అనేకం ఎర్రగోడలుగా మారాయని 2011లో ఇటలీ పరిశోధకులు వెల్లడించారు. ఆ తరువాతి కాలపు యూరపు శ్రీమంతులు పొంపెయి ఎరుపని మోజుపడి వేయించుకున్నదానిలో కొంత వెసూవియస్ పనితనమన్నమాట!

రోమనులకు రెండు ఎరుపులు ఉండేవి. ఒకటి మన జాజు వంటి మట్టి ఎరుపు, చవక. రెండవది ఇంగిలీకం, అంటే పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం, మహా ఖరీదు. దాని ధర పౌనుకు 70 సెస్టర్సులు మించరాదని చట్టమే ఉండేదని ప్లినీ వ్రాశాడు. (ఆ ప్లినీ కూడా 79 నాటి విస్ఫోటంలోనే చనిపోయాడు.) అంత ఖరీదైన సరుకు కాబట్టి రంగులు వేసేవాళ్ళు కుంచెను నిండుగా ముంచడం, మాటిమాటికీ నీళ్ళలో కడగడం చేసేవారట. ఇంగిలీకం బరువుగా ఉంటుంది కనుక నీళ్ళ అడుగున పేరుకుంటుంది. సాయంత్రం ఆ నీళ్ళు ఎవరివెంట వెళతాయో చెప్పనక్కరలేదు. రెండువేల ఏళ్ళయినా మేస్త్రీకీ ఇంటివాడికీ మధ్య ఉన్న ఈ ఆట పెద్దగా మారలేదు.

ఇంగిలీకం గురించి వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన కథ నాకు చాలా ఇష్టం. ఫాబేరియస్ అనే లేఖకుడు రోములో అవెంటైన్ కొండమీద ఇల్లు కట్టుకుని, దర్జాగా ఉండాలని నడిమి ఆవరణ చుట్టూ ఉన్న స్తంభాల వసారా గోడలన్నిటికీ ఇంగిలీకం పూయించాడు. ముప్పయి రోజులు తిరిగేసరికి ఆ ఎరుపంతా మచ్చలుపడి వికారంగా తయారయింది. పాపం, మళ్ళీ గుత్తకిచ్చి వేరే రంగులు వేయించుకోవలసి వచ్చింది. కారణం విట్రూవియస్సే చెబుతాడు: మూసి ఉన్న గదులలో ఈ రంగు చెక్కుచెదరదు, సూర్యచంద్రుల కాంతి సోకే ఆరుబయట నల్లబడుతుంది. తప్పనిసరి అయితే గోడ ఆరిన తరువాత కాస్త నూనె కలిపిన మైనం కరిగించి పూసి, నిప్పులకుంపటి దగ్గరగా పెట్టి ఆ మైనాన్ని చెమర్చేలా చేసి, శుభ్రమైన బట్టతో రుద్దమంటాడు. మట్టి ఎరుపుకు ఈ బాధ లేదు. అది ఇనుపతుప్పు. ఎండకు అది పోయేది కాదు, ఇంకా తుప్పుపట్టడానికి అందులో ఏమీ మిగలలేదు. ఈనాటికీ దుకాణంలో ముదురెరుపు కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఇది ఐరన్ ఆక్సైడు ఎరుపా, లేక వేరే వర్ణకమా? ఎండ తగిలే గోడకయితే కళ్ళు మూసుకుని మొదటిదే ఎన్నుకుంటాను, కాస్త ఇటుకరంగు తిరిగినా సరే.

లండనులో జాన్ సోన్ అనే వాస్తుశిల్పి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన బ్రతికి ఉండగానే 1833లో పార్లమెంటు చట్టం ద్వారా దానిని ఉన్నదున్నట్లు కాపాడే ఏర్పాటు చేసుకున్నాడు. అందులో పుస్తకాల గదీ భోజనాల గదీ కలిసి ఉన్న భాగం ముదురెరుపు. చిన్నవయసులో పొంపెయి చూడటానికి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న గోడపెచ్చును చూచి ఆ రంగు కలిపించాడని చెప్పుకుంటారు. రంగుకంటే ఆయన చేసిన మరో పని మనకు ఉపయోగపడుతుంది. ఆ ఎరుపు మధ్య వీలైనచోటల్లా అద్దాలు పెట్టించాడు. ఎరుపు మ్రింగివేసిన వెలుతురును అద్దం ఇంకొక మూలనుంచి తెచ్చి ఇస్తుంది. ఒంటిగోడ వేయించిన మనవాళ్ళు ఆ గోడకు టీవీ తగిలిస్తారు. అది ఆరిపోయినప్పుడు ఎరుపులో నల్లని చతురం. దానికి బదులు ఒక పాత నిలువుటద్దం చాలు.

ఇదంతా తెల్లవాళ్ళ మోజు, మన ఇళ్ళలో ఎర్రగోడలు ఎక్కడున్నాయి అని నన్ను అడిగినవారు ఉన్నారు. ప్రశ్న సబబే. మన పాత ఇళ్ళలో గోడకు సున్నం, అడుగున మూరెడు మేర జాజో ఎర్రమట్టో, నడుమ సున్నపుబొట్లు. అరుగులకు ఎర్రమట్టి అలికి ముగ్గు. కాస్త కలిగినవారి ఇళ్ళలో నేలకు ఎర్రగచ్చు, తుడిచి తుడిచి అద్దంలా తేలినది. ఎరుపు ఎప్పుడూ కాళ్ళ దగ్గరే ఉండేది. దానికి కారణాలు బుద్ధికి అందేవే. చిన్న కిటికీల ఇంటిలో పైగోడ తెల్లగా ఉంటేనే పగలు పని జరుగుతుంది. చూరునీళ్ళు చింది గోడ అడుగున పడే మట్టిమరక ఎర్రపట్టీలో కనబడదు. పండుగకు పండుగకు మళ్ళీ పూయడానికి మట్టి ఊరి చెరువుగట్టునే దొరుకుతుంది. ఇందులో ఎరుపు అంటే భయం ఏమీ లేదు, వాడకం తెలిసిన తెలివి ఉంది. మన కొండగుహలలో, భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్టలోనూ, ఆదిమానవులు బొమ్మలు గీసింది ఈ ఎరుపుతోనే.

అయితే గోడల విషయంలో మనవాళ్ళు ఎరుపును పూయలేదు, కట్టారు. బందరు, నిజాంపట్నం తీరాలలో చిరివేరు అనే మొక్కవేరుతో నూలుబట్టమీద ఎక్కించిన ఎరుపుకు 17వ శతాబ్దంలో ప్రపంచమంతటా గిరాకీ ఉండేది. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఇసుకలంకలలో పండిన వేరు మేలురకమని అప్పటి వర్తకులు దానికోసం పోటీపడేవారు. పటిక పట్టించిన చోట మాత్రమే ఆ ఎరుపు అంటుకుంటుంది, అంటుకున్నది ఇక ఉతికినా పోదు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ కలంకారీ బట్టలను తెరలుగా, గోడలకు వ్రేలాడదీసే పటాలుగా తయారుచేసేవారు. అటువంటి ఏడుభాగాల తెర ఒకటి బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. ఎర్రగోడ మన సంప్రదాయం కాదనేవారు ఒకసారి ఆ తెరలు కట్టిన గదిని మనసులో నిలుపుకోవాలి. మనది ఎండదేశం కనుక ఎరుపును ఎండాకాలం విప్పి మడతపెట్టుకునే వీలుతో కట్టుకున్నారు.

ఈ బట్టల వ్యాపారంలోనే నా వాదానికి కావలసిన అసలు సాక్ష్యం దొరికింది. 1643లో ఈస్టిండియా కంపెనీ పెద్దలు లండను నుంచి సూరతులోని తమ గుమాస్తాలకు ఒక ఉత్తరం వ్రాశారు. మీరు పంపే బొంతలలో ఎక్కువభాగం ‘శాడ్’ ఎరుపు నేలతో వస్తున్నాయి, అవి కొనేవారందరికీ సరిపడటం లేదు, ఇకమీదట తెల్లనేల ఎక్కువగా ఉండేట్లు చూడండి అని దాని సారాంశం. ఆనాటి ఇంగ్లీషులో ఆ మాటకు దిగులు అనే కాదు, ముదురు, బరువు అనే అర్థం కూడా ఉంది. దిగులెరుపు అని అనువదించుకుంటే నాకు రెండర్థాలూ వచ్చినట్లు తోస్తుంది. నేత ఎంత నాణ్యమయినా ఎరుపు ఎంత పండినా వారికి లెక్క లేదు. అందరు కొనుగోలుదారులకూ నచ్చాలి, కాబట్టి తెలుపు. నాలుగువందల ఏళ్ళ నాటి ఆ వ్యాపారపు సలహాను ఈనాడు మనం సొంత ఇంటిలో, ఎవ్వరూ అడగకుండానే పాటిస్తున్నాము.

ఎందుకంటే మా ఎరుపు సంగతి తెలిసి నన్ను పలకరించినవారిలో ఎక్కువమంది అడిగినది ఒకటే ప్రశ్న. “రేపు అమ్మాలంటే ఎవరు కొంటారండీ?” అమ్మే ఆలోచన మాకు లేదు. ఉన్నా, రెండు పూతల ప్రైమరుతో పోయే విషయం అది. అయినా అప్పుచేసి, పాతికేళ్ళు వాయిదాలు కట్టి కొనుక్కున్న ఇంటిలో, ముఖం కూడా తెలియని ఒక కొనుగోలుదారుకు కాపలావాళ్ళలా బ్రతకడం నాకు మింగుడుపడదు. ఆయన అభిరుచి మీగడ రంగని మనకెలా తెలుసు? ఒంటిగోడ కూడా ఈ భయం నుంచి పుట్టినదే. ముచ్చట మనది, మూడు గోడలు ఆయనవి. అద్దె ఇళ్ళలో ఉన్నవారి సంగతి వేరు. అక్కడ గోడలు నిజంగానే ఇంకొకరివి. వారికి నేను చెప్పగలిగినది పెడన కలంకారీ దుప్పటి ఒకటి గోడ నిండా కట్టుకోమని.

ఇక దీపాల విషయం. ముదురెరుపు గదులు బాగోలేదని చెప్పేవారిలో చాలామంది వాటిని తప్పుడు దీపంలో చూచినవారు. సాయంత్రం పెరటిలో మందారచెట్టును గమనించండి. పగలు ఆకులకంటే పువ్వు ప్రకాశంగా ఉంటుంది. మసక పడేసరికి ఆకులు ఇంకా కనబడుతూనే ఉంటాయి, పువ్వు నల్లబడిపోతుంది. వెలుతురు తగ్గినకొద్దీ మన కంటికి ముందుగా తప్పిపోయేది ఎరుపే. దీనిని 19వ శతాబ్దపు తొలినాళ్ళలో పుర్కినే అనే చెక్ శాస్త్రవేత్త గుర్తించాడు. కాబట్టి ఎర్రగదిలో మసక దీపం పెడితే హాయిగా ఉంటుందనుకోవడం పొరపాటు. దీపం తక్కువ ఎత్తులో ఉండాలి, వెచ్చని రంగులో ఉండాలి, కానీ చాలినంత ఉండాలి. ఆముదపు దీపం, కొవ్వొత్తి ఇచ్చే వెలుతురులో ఎరుపు పాలు ఎక్కువ కనుక పాతకాలపు ఎర్రగదులు వాటికింద వెలిగాయి. ట్యూబులైటు వెలుతురులో ముదురెరుపు చాలా తక్కువ. దానికింద ఈ గోడ ఎండిన నెత్తురులా కనబడుతుంది, తప్పు గోడది కాదు.

ఎల్‌ఈడీ దీపాలలోనూ ఒక చిక్కు ఉంది. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పడానికి డబ్బామీద సీఆర్‌ఐ అని ఒక అంకె వేస్తారు. ఆ అంకెను ఎనిమిది లేతరంగుల ఆధారంగా కడతారు. ముదురెరుపు ఆ ఎనిమిదింటిలో లేదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది, చాలా డబ్బాలమీద అది వెయ్యరు. సీఆర్‌ఐ 80 అని గర్వంగా చెప్పుకునే చవక దీపానికి ఆర్9 సున్నాకు దగ్గరగా ఉండవచ్చు. 2700 కెల్విన్ వెచ్చదనం, సీఆర్‌ఐ 90కి పైన, ఆర్9 కనీసం 50 అని అడిగితే దుకాణదారు కాస్త వింతగా చూస్తాడు. చూడనివ్వండి. డబ్బాల రంగుమీద వేలు పోసి దీపం దగ్గర యాభై రూపాయలు మిగుల్చుకోవడం కంటే తెలివితక్కువ పని లేదు.

రంగు పనిని గురించి కూడా నాలుగు మాటలు. లేతరంగులకు వాడే తెల్లని బేసులో ఈ ఎరుపు రాదు, గులాబీ వస్తుంది. తెల్లవర్ణకం దాదాపు లేని ముదురు బేసులో కలపాలి. దానివల్ల రంగు కొంత పారదర్శకంగా ఉండి క్రింది గోడ తొంగిచూస్తుంది. రెండు పూతలకు ఒప్పందం చేసుకున్న మేస్త్రీ మూడవ పూతకు గొణుగుతాడు, నాలుగవదానికి పోట్లాడతాడు. క్రింద తెల్లని ప్రైమరు బదులు బూడిదరంగు కలిపిన ప్రైమరు వేయిస్తే ఒక పూత కలిసివస్తుంది. మొత్తం గదికి సరిపడా రంగును ఒకేసారి కలిపించుకోవాలి; ముదురు రంగులో తరువాత వేసిన అతుకు పట్టుబడిపోతుంది. మెరుపులేని పూత అందంగా ఉంటుంది కానీ చెయ్యి రాసుకుంటే మచ్చ తేలుతుంది, కుర్చీ వీపులు తగిలే ఎత్తులో కర్రపట్టీ కొట్టిస్తే మంచిది. పాత ఇంట ఎర్రని, పసుపుపచ్చని ఎనామిల్ పూతలు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇళ్ళ రంగులలో సీసం పదిలక్షల పాళ్ళలో 90కి మించరాదన్న 2016 నాటి నియమం మనదేశంలో 2017 నవంబరు నుంచి అమలయింది. అంతకుముందటి పూతలలో సీసం ఉండవచ్చు. పొడి గీకుడు వద్దు, తడిపి తియ్యాలి, పసిపిల్లలను ఆ చుట్టుప్రక్కలకు రానివ్వకూడదు.

ఎరుపు ఆకలి పెంచుతుంది, కోపం పెంచుతుంది, ఆగ్నేయంలో తప్ప వేస్తే కలిసిరాదు వంటి మాటలకు నేను పెద్ద విలువ ఇవ్వను. మా ఇంట కోపాలకు గోడరంగు ఏనాడూ కారణం కాలేదు. కానీ నన్ను ఆపిన అభ్యంతరం ఒకటి ఉంది. అది మా అమ్మ చెప్పినది. ఆమెకు డెబ్బయ్యెనిమిదేళ్ళు. భోజనాల గది ప్రక్కనుంచి ఆమె గదికి వెళ్ళే నడవాకు కూడా ఎరుపే వేయిద్దామని నేను ఉత్సాహపడుతుంటే, “నీ ఎరుపు నువ్వు కూర్చునేచోట వేసుకో నాయనా, నేను రాత్రిళ్ళు లేచి నడిచేచోట వద్దు” అంది. ఇరవయ్యేళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురులో మూడవవంతు మాత్రమే అరవయ్యేళ్ళ కంటికి చేరుతుందని కంటి శాస్త్రం చెబుతుంది. ముదురెరుపు ఆ మూడవవంతులోనూ సింహభాగం తినేస్తుంది. గోడ ఎక్కడ ముగిసిందో తెలియకపోవడం భోజనం చేస్తూ కూర్చున్నవాడికి సుఖం. అర్ధరాత్రి మంచినీళ్ళకు లేచిన ముసలిమనిషికి అదే తుంటియెముక సమస్య. గదిని గూర్చి అలంకార పుస్తకాలు ఎన్ని చదివినా ఈ మాట ఎక్కడా కనబడలేదు. నడవా తెల్లగానే ఉండిపోయింది. భోజనాల గది ద్వారబంధానికి కూడా తెలుపే వేయించి, అడుగున రాత్రంతా వెలిగే చిన్నదీపం ఒకటి పెట్టించాము. చీకటిలో ఎరుపు ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు ఆమెకు స్పష్టంగా తెలుస్తుంది.

కప్పు సంగతి ఒకటి మిగిలింది. నాలుగు గోడలూ ముదురెరుపయి కప్పు పచ్చితెలుపయితే మూత తీసిన డబ్బాలో కూర్చున్నట్లుంటుంది. కప్పుకూ ఎరుపే వేసేస్తే ఉన్న వెలుతురూ పోతుంది. మేము తెల్లరంగు బకెట్టులో ఒక గరిటెడు గోడరంగు కలిపించాము. “గులాబీ అయిపోతుంది సార్” అని మేస్త్రీ ముందే హెచ్చరించాడు. పగలు చూస్తే ఆయన మాటే నిజం. రాత్రి దీపం వేశాక అది లేత పసిమితో కూడిన తెలుపులాగే ఉంటుంది. మేమంతా కలిసి ఆ గదిలో కూర్చునేది రాత్రి భోజనాలకే.